బెయిలౌటూ ఓటరూ: నష్టం ఎవరి పద్దులో?

2008 సెప్టెంబరు 29, సోమవారం మధ్యాహ్నం అమెరికా ప్రతినిధుల సభ 228–205 ఓట్లతో ఒక బిల్లును తోసిపుచ్చింది. బ్యాంకుల వద్ద పేరుకుపోయిన విలువలేని ఇంటి రుణాల పత్రాలను కొనడానికి ఆర్థిక శాఖకు 700 బిలియన్ డాలర్లు ఇవ్వాలన్న బిల్లు అది. అధ్యక్షుడు బుష్ కావాలన్నాడు, ప్రతిపక్షపు అధ్యక్ష అభ్యర్థి ఒబామా కావాలన్నాడు, సభలో ఇరుపక్షాల నాయకులూ కావాలన్నారు. అయినా 133 మంది రిపబ్లికన్లు, 95 మంది డెమొక్రాట్లు కాదన్నారు. ఆ రోజు డౌ జోన్స్ సూచీ 777 పాయింట్లు పడిపోయింది.

కాదన్నవారు ఏ ఆర్థిక సిద్ధాంతం చదివి కాదన్నారో చెప్పలేం గాని, ఎవరి మాట విని కాదన్నారో మాత్రం స్పష్టమే. ఎన్నికలకు అయిదు వారాల గడువే మిగిలింది. అంతకుముందు పది రోజులుగా ప్రతినిధుల కార్యాలయాల్లో టెలిఫోన్లు ఆగకుండా మోగాయి. ఉత్తరాల తాకిడికి సభ వెబ్‌సైటు మొరాయించింది. ఆ ఫోన్లలో అత్యధికం ఒకే మాట చెప్పాయి: మా డబ్బుతో వాళ్ళను గట్టెక్కించవద్దు.

నాలుగు రోజుల తర్వాత, అక్టోబరు 3న, అదే సభ సవరించిన బిల్లును 263–171తో ఆమోదించింది. మధ్యలో సెనేట్ దానికి ఎన్నో పన్ను రాయితీలు జోడించింది. పిల్లలు ఆడుకునే చెక్క బాణాల మీద పన్ను మినహాయింపు కూడా వాటిలో ఒకటి. ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్ మొదట పంపిన ముసాయిదా మూడు పుటలు. చట్టమయ్యేనాటికి అది నాలుగువందల పుటలు దాటింది.

ఆ ఫోన్లు చేసిన ఓటరును అప్పటి వ్యాఖ్యాతలు చాలామంది ఆర్థికశాస్త్రం తెలియని ఆగ్రహజీవిగా చిత్రించారు. కోపం ఉన్నమాట నిజమే. కాని ఆ కోపం వెనుక వాదం కూడా ఒకటి ఉంది. ఆ తర్వాతి పదిహేనేళ్ళలో జరిగినవాటి పక్కన పెట్టి చూస్తే ఆ వాదంలో కొంత భాగం తప్పని తేలుతుంది. మిగిలిన భాగం అప్పటి నిపుణులు ఒప్పుకున్నదానికంటే బలమైనదని తేలుతుంది.

ముందు బ్యాంకు ఎందుకు మునుగుతుందో చూడాలి. బ్యాంకు వద్ద వంద డాలర్ల ఆస్తి ఉంటే అందులో తొంభైకి పైగా ఇతరుల సొమ్మే. డిపాజిటుదారులు ఎప్పుడడిగినా ఇవ్వవలసిన డబ్బును అది ముప్పయ్యేళ్ళ ఇంటి రుణంగా ఇస్తుంది. అందరూ ఒకేరోజు వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకయినా ఇవ్వలేదు. దీన్ని నగదు కొరత అంటారు. అలాకాక, ఇచ్చిన అప్పులు తిరిగిరాక ఆస్తి విలువే అప్పులకన్నా తగ్గిపోతే అది దివాలా. రెండింటికీ చికిత్స వేరు. 1873లో వాల్టర్ బాజెట్ తన ‘లాంబార్డ్ స్ట్రీట్’ గ్రంథంలో చెప్పిన సూత్రం ఇప్పటికీ కేంద్ర బ్యాంకులకు పెద్దబాలశిక్ష వంటిది: భయం అలముకున్న వేళ, మంచి తాకట్టు ఉన్నవారికి, హెచ్చు వడ్డీకి, ధారాళంగా అప్పివ్వాలి. దివాలా తీసినవాణ్ణి గట్టెక్కించమని ఆయన చెప్పలేదు.

చిక్కేమిటంటే, అత్యవసర విభాగానికి స్పృహ లేకుండా తెచ్చిన మనిషి నీరసంతో పడ్డాడో గుండె ఆగి పడ్డాడో మొదటి నిమిషంలో తెలియనట్టే, సంక్షోభపు మొదటి వారంలో నగదు కొరతకూ దివాలాకూ తేడా చెప్పడం కష్టం. భయంలో అందరూ ఒకేసారి ఆస్తులు అమ్మజూపితే వాటి ధర పడుతుంది, ధర పడితే నిన్నటి నగదు కొరత నేటి దివాలా అవుతుంది. అప్పటి లేమన్ బ్రదర్స్ వంటి సంస్థల్లో సొంత మూలధనం ఒక డాలరయితే ఆస్తులు సుమారు ముప్పయి డాలర్లు. ఆస్తి విలువ మూడు నాలుగు శాతం తగ్గితే చాలు, సొంత సొమ్ము సున్నా అవుతుంది.

సందేహించే ఓటరు వాదంలో బలహీనమైన భాగం ఇక్కడే ఉంది. ‘మునిగేవాణ్ణి మునగనివ్వండి’ అన్న సలహాను సెప్టెంబరు 15న ప్రభుత్వం నిజంగానే పాటించింది: లేమన్ దివాలా తీసింది. మర్నాడే, లేమన్ పత్రాలు కొన్న రిజర్వ్ ప్రైమరీ అనే మనీ మార్కెట్ ఫండ్ విలువ వాటాకు ఒక డాలరు కంటే దిగజారింది. బ్యాంకు ఖాతా అంత భద్రమని జనం నమ్మిన సాధనం అది. కంపెనీలు జీతాలకూ సరుకుకూ తీసుకునే స్వల్పకాలిక అప్పులు నిలిచిపోసాగాయి. శిక్ష వాల్ స్ట్రీట్ దగ్గర ఆగలేదు; ఒహాయోలోని కర్మాగారం దాకా పోయింది. 1930–33 మధ్య దాదాపు తొమ్మిదివేల బ్యాంకులు మూతపడినప్పుడు వాటిని గట్టెక్కించలేదు. దాని ఫలితం నైతికంగా శుభ్రంగా ఉండవచ్చు గాని, ఆకలితో చచ్చినవారిలో బ్యాంకర్లు బహుతక్కువ. కాబట్టి జోక్యం చేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నలో ఓటరు ఓడిపోయినట్టే. ఏ షరతులతో, ఎవరి ఖర్చుతో అన్న ప్రశ్నలు వేరు. నిజానికి ఆ ఫోన్లలో చాలావాటి సారం ఈ రెండో రకం ప్రశ్నలే.

పాల్సన్ మూడు పుటల ముసాయిదాలో ఎనిమిదో విభాగం చూడండి. మంత్రి తీసుకునే నిర్ణయాలను ఏ న్యాయస్థానమూ, ఏ పాలనాసంస్థా సమీక్షించరాదని దాని తాత్పర్యం. 700 బిలియన్లు ఇచ్చి, లెక్క అడగవద్దనడం! ఓటరు గగ్గోలు వల్లనే ఆ విభాగం తొలగిపోయింది. ప్రత్యేక తనిఖీ అధికారి వచ్చాడు, కాంగ్రెసు పర్యవేక్షక మండలి వచ్చింది, అధికారుల జీతాలపై కొన్ని పరిమితులు వచ్చాయి. మొదటి ఓటింగులో బిల్లు వీగిపోవడం ప్రమాదకరమైన బాధ్యతారాహిత్యమని అప్పట్లో సంపాదకీయాలు తిట్టిపోశాయి. ప్రజాస్వామ్యం ఆ వారంలో చేసిన ఉపయోగకరమైన పనుల్లో అదీ ఒకటని ఇప్పుడు నిదానంగా చూస్తే అనిపిస్తుంది.

చట్టం వచ్చాక ఏం జరిగింది? విలువలేని పత్రాలు కొంటామని చెప్పి తీసుకున్న డబ్బుతో ప్రభుత్వం ఆ పని చేయలేదు. అక్టోబరు 13న తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతులను వాషింగ్టన్‌కు పిలిపించి, వారి బ్యాంకుల్లో 125 బిలియన్ డాలర్ల మూలధనం పెట్టడానికి ఒప్పించింది. తర్వాత ఏడువందలకు పైగా బ్యాంకులకు ఆ సాయం అందింది. వైద్యపరంగా, అనగా బ్యాంకు ఆరోగ్యం దృష్టితో, ఇదే మేలైన పద్ధతి. ఆర్థికవేత్తలు చాలామంది మొదటినుంచీ ఇదే చెప్పారు. కాని ఒక పనికి అనుమతి అడిగి మరో పని చేశారన్న ఓటరు ఫిర్యాదు అక్షరాలా నిజం.

బెయిలౌట్లను సమర్థించేవారు తరచుగా చెప్పే మాట, ‘ప్రభుత్వానికి లాభమే వచ్చింది’ అని. లెక్క ఇలా ఉంది. బ్యాంకుల్లో పెట్టినది సుమారు 245 బిలియన్లు. తిరిగివచ్చినది సుమారు 275 బిలియన్లు. మొత్తం పథకంలో నిజంగా ఖర్చుపెట్టినది 443 బిలియన్లు. మోటారు కంపెనీలకూ ఇంటి రుణగ్రస్తులకూ ఇచ్చిన సాయం కూడా కలుపుకుంటే చివరికి తేలిన నికర ఖర్చు సుమారు 31 బిలియన్లని కాంగ్రెసు బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. 700 బిలియన్లు నీళ్ళపాలయ్యాయని ఇప్పటికీ నమ్మే ఓటరు ఈ అంకెలు చూడాలి.

అయితే తిరిగి వచ్చిందా లేదా అన్నది సగం ప్రశ్నే. ఆ అపాయానికి తగిన ధర వచ్చిందా అన్నది మిగతా సగం. ఆ సెప్టెంబరులోనే వారెన్ బఫెట్ గోల్డ్‌మన్ శాక్స్‌లో 5 బిలియన్లు పెట్టి, ఏటా 10 శాతం డివిడెండూ, భవిష్యత్తులో వాటాలను నిర్ణీత ధరకు కొనే హక్కూ రాయించుకున్నాడు. మూడు వారాల తర్వాత అదే గోల్డ్‌మన్‌కు, మిగతా ఎనిమిది బ్యాంకులకు, ప్రభుత్వం మొదటి అయిదేళ్ళకు 5 శాతానికే డబ్బిచ్చింది. ఎలిజబెత్ వారెన్ అధ్యక్షత వహించిన పర్యవేక్షక మండలి 2009 ఫిబ్రవరిలో తేల్చినదేమంటే, ఆర్థిక శాఖ 254 బిలియన్లు ఇచ్చి సుమారు 176 బిలియన్ల విలువైన పత్రాలు పుచ్చుకుంది. వందకు సుమారు అరవై తొమ్మిది చొప్పున. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఇన్సూరెన్సు పాలసీ అమ్మి, మంట అదృష్టవశాత్తూ ఆరిపోయాక, ‘చూశారా, ప్రీమియం మిగిలింది’ అనడం వంటిది ఈ లాభం మాట. తొమ్మిది బ్యాంకులూ సందేహించకుండా పుచ్చుకోవాలని ధర తగ్గించామని మంత్రిత్వ శాఖ చెప్పుకుంది. ఆ సమాధానంలో కొంత సబబు ఉంది. బలమైన బ్యాంకు పక్కన నిలబడకపోతే బలహీనమైనదానికి ముద్ర పడుతుంది.

ఏ.ఐ.జి. విషయంలో ఆ పాటి సమాధానమూ లేదు. ఈ బీమా సంస్థను నిలబెట్టడానికి మొదట 85 బిలియన్లతో మొదలై మొత్తం హామీ 182 బిలియన్ల దాకా పోయింది. ఆ డబ్బులో గణనీయమైన భాగం ఏ.ఐ.జి.తో పందేలు కాసిన బ్యాంకులకు డాలరుకు డాలరు చొప్పున చేరింది. గోల్డ్‌మన్‌కు ముట్టినది 12.9 బిలియన్లు, ఫ్రాన్సు, జర్మనీ బ్యాంకులకూ బిలియన్లు అందాయి. దివాలా కోర్టులో అయితే వీరందరూ ఎంతో కొంత వదులుకోవలసి వచ్చేది. 2009 మార్చిలో అదే సంస్థ తన ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనసులు పంచినప్పుడు దేశం మండిపడింది. చివరకు ప్రభుత్వానికి 22.7 బిలియన్లు మిగిలాయన్నది నిజమే. కాని బోనసుల మీద చూపిన ఆగ్రహంలో పదోవంతు ఆ డాలరుకు డాలరు చెల్లింపుల మీద చూపి ఉంటే బాగుండేది. డబ్బు పెద్దది అక్కడుంది.

ఇంటి రుణగ్రస్తుల సంగతి ఇంకా బాధాకరం. 2009 ఆరంభంలో ప్రకటించిన రుణసవరణ పథకం ముప్పయి నుంచి నలభై లక్షల కుటుంబాలను ఆదుకుంటుందని చెప్పారు. శాశ్వతంగా సవరించిన రుణాలు అందులో సగం దాకా మాత్రమే చేరాయి. దరఖాస్తులు నడిపే పని అప్పు వసూలు చేసే సంస్థలకే అప్పగించారు. కాగితాలు మళ్ళీ మళ్ళీ పోయాయి. ప్రయోగాత్మకంగా తగ్గించిన వాయిదాలు కట్టినవారు చివరికి అర్హులు కారని తేలి, పాత బకాయి మొత్తం నెత్తిన పడి ఇళ్ళు పోగొట్టుకున్నారు. ప్రత్యేక తనిఖీ అధికారిగా పనిచేసిన నీల్ బరోఫ్‌స్కీ తర్వాత రాసిన పుస్తకంలో, ఈ పథకపు అసలు ఉద్దేశం కుటుంబాలను కాపాడడం కన్నా, జప్తుల వేగాన్ని బ్యాంకులు తట్టుకోగలిగేలా సాగదీయడమేనని విమర్శించాడు. బ్యాంకుకు మూలధనం ఒక వారాంతంలో చేరింది. ఇంటివాడికి వాయిదా తగ్గింపు ఏడాది పాటు ఫాక్సుల్లో తిరిగింది. ఓటరు సందేహం శత్రుత్వంగా మారినది ఈ వ్యత్యాసం వల్ల.

కాపాడతారని ముందే తెలిస్తే సాహసం పెరుగుతుందన్న భావనకు అర్థశాస్త్రంలో మోరల్ హజార్డ్ అని పేరు. ఇది 2008లో పుట్టినది కాదు. 1984లో చికాగోలోని కాంటినెంటల్ ఇల్లినాయ్ బ్యాంకును ప్రభుత్వం నిలబెట్టాక, కాంగ్రెసు విచారణలో స్టువర్ట్ మెకిన్నీ అనే ప్రతినిధి ‘విఫలం కావడానికి వీల్లేనంత పెద్ద’ బ్యాంకులనే కొత్త జాతి పుట్టిందని వ్యంగ్యంగా అన్నాడు. వ్యంగ్యం విధానమై కూర్చుంది. అయితే 1980లనాటి సేవింగ్స్ అండ్ లోన్ సంస్థల సంక్షోభం తర్వాత వందలాది మంది అధికారులు జైలుకెళ్ళారు. 2008 తర్వాత పెద్ద సంస్థల అధిపతుల్లో ఒక్కరూ వెళ్ళలేదు. సంస్థలు జరిమానాలు కట్టాయి, అదీ వాటాదారుల సొమ్ముతో.

భారతదేశంలో ఇదే పని మరో రూపంలో జరుగుతుంది. 2017 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వరంగ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల రూపాయల మూలధనం ప్రకటించింది. డా. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ప్రారంభించిన ఆంధ్రా బ్యాంకు, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేలోగా, ప్రభుత్వం నుంచి ఇలా మూలధనం అందుకున్న వాటిలో ఒకటి. దానికి బెయిలౌట్ అన్న పేరు పెట్టలేదు గనుక ఏ పార్లమెంటు సభ్యుడి ఫోనూ మోగలేదు. యజమాని ప్రభుత్వమే అయినప్పుడు నష్టం పన్నుదారుడి పద్దులోకి చప్పుడు లేకుండా జారిపోతుంది.

ఇక నియంత్రణ. 2010 జులై 21న ఒబామా సంతకం చేసిన డాడ్–ఫ్రాంక్ చట్టం ఇక మీదట బెయిలౌట్లు ఉండవని వాగ్దానం చేసింది. పెద్ద బ్యాంకులు తమ మరణశాసనం తామే ముందుగా రాసుకోవాలి, ఏటా ఒత్తిడి పరీక్షలకు నిలవాలి, వినియోగదారుల రక్షణకు ప్రత్యేక సంస్థ ఉండాలి. సందేహవాది దీనిని కూడా మెచ్చుకోడు. 1933 నాటి గ్లాస్–స్టీగల్ చట్టం 37 పుటలు. ఇది ఎనిమిదివందల పైచిలుకు, దానికింద పుట్టిన నిబంధనలు వేల పుటలు. వేల పుటలు చదివే న్యాయవాదులను పెట్టుకోగలిగేది పెద్ద బ్యాంకే గనుక, పెద్దవాటిని అదుపుచేయడానికి పుట్టిన చట్టం వాటికే కోటగోడ అవుతుందని అతని వాదం. 2007 చివర అమెరికాలో డిపాజిట్ బీమా ఉన్న బ్యాంకులు ఎనిమిదిన్నర వేలు. 2023 చివరికి నాలుగువేల ఆరువందల లోపు. దీనికంతటికీ ఈ చట్టమే కారణమనడం సరికాదు, బ్యాంకుల విలీనాలు అంతకు పాతికేళ్ళ ముందే మొదలయ్యాయి. కాని చిన్న బ్యాంకు మీద భారం పెరగలేదనడమూ సరికాదు.

నిబంధనలు తక్కువగా, మూలధనం ఎక్కువగా ఉండాలన్నది దీనికి ప్రత్యామ్నాయం. ఆసక్తికరమేమిటంటే దాన్ని గట్టిగా ప్రతిపాదించినవారిలో నీల్ కష్‌కారీ ఒకడు. కాశ్మీరీ తల్లిదండ్రుల కుమారుడైన ఈయన 2008లో ముప్పయ్యయిదేళ్ళ వయసులో ఆ 700 బిలియన్ల పథకాన్ని నడిపినవాడు. మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడయ్యాక, 2016లో, పెద్ద బ్యాంకులు అపాయాన్నిబట్టి తూచిన ఆస్తుల్లో 23.5 శాతం సొంత మూలధనం ఉంచుకోవాలన్న ప్రణాళిక ప్రకటించాడు. అది అమలుకాలేదు. జరిగినది దానికి ఎదురుదిశలో. 2018 మేలో వచ్చిన చట్టం, కఠిన పర్యవేక్షణ మొదలయ్యే పరిమాణాన్ని 50 బిలియన్ల ఆస్తి నుంచి 250 బిలియన్లకు పెంచింది. అలా పెంచాలని ముందే కోరినవారిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు అధిపతి ఉన్నాడు.

2022 చివర ఆ బ్యాంకు ఆస్తి 209 బిలియన్లు. అప్పు తిరిగిరాని రుణాలేవీ దాన్ని ముంచలేదు. వడ్డీరేట్లు తక్కువగా ఉన్నప్పుడు కొన్న దీర్ఘకాలిక ప్రభుత్వ పత్రాల విలువ, రేట్లు పెరగగానే పడిపోయింది, అంతే. ఫైనాన్సు విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చుకునే అపాయం ఇది. 2023 మార్చి 9న ఒక్కరోజులో ఖాతాదారులు 42 బిలియన్లు తీసుకున్నారు. మర్నాటికి మరో 100 బిలియన్ల అభ్యర్థనలు వరుసలో ఉన్నాయి. 10వ తేదీన బ్యాంకు మూతపడింది. డిపాజిట్లలో తొంభై శాతానికి పైగా 2,50,000 డాలర్ల బీమా పరిమితికి మించినవి. ఆదివారం నాటికి ప్రభుత్వం, మొత్తం వ్యవస్థకే ముప్పున్నదన్న మినహాయింపు కింద, పరిమితితో పనిలేకుండా అందరి డబ్బూ పూర్తిగా ఇస్తామని ప్రకటించింది.

ఈసారి వాటాదారులకు, బాండ్లు కొన్నవారికి రక్షణ ఇవ్వలేదు. 2008తో పోలిస్తే ఇది మెరుగు. లబ్ధి పొందినవారిలో కోటీశ్వరులైన పెట్టుబడిదారులతో పాటు, అక్కడి కొత్త కంపెనీల్లో జీతానికి పనిచేసే మామూలు ఇంజనీర్లూ ఉన్నారు. కంపెనీ డబ్బు చిక్కుకుంటే పదిహేనో తేదీన జీతం రాదు. ఉద్యోగం పోతే హెచ్-1బి వీసాదారుకు మరో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా అరవై రోజులే గడువు. ఆ వారాంతం ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి మోరల్ హజార్డ్ మీద చర్చ రుచించదు. సందేహవాది ఈ సంగతి కూడా తన లెక్కలో కలుపుకోవాలి.

నియంత్రణ లోపం మాత్రం చట్టంలోనే ఉందనుకుంటే పొరపాటు. ఏప్రిల్ 28న ఫెడరల్ రిజర్వ్ తన మీద తానే వెలువరించిన నివేదిక ప్రకారం, పర్యవేక్షకులు ఆ బ్యాంకులో ఎత్తిచూపి, ఇంకా సరిచేయించని లోపాలు 31. దాని ఈడు బ్యాంకుల్లో ఉన్నవాటికి ఇది సుమారు మూడింతలు. జబ్బు కనిపించింది, కేసు షీటులో రాశారు, మందు మాత్రం ఇవ్వలేదు. పుటలు పెంచినంత మాత్రాన ఈ లోపం తీరదన్నదే సందేహవాది మాట. ఇక్కడ అతనిదే పైచేయి.

బీమా నిధి మీద పడిన భారాన్ని, సిగ్నేచర్ బ్యాంకుది కూడా కలిపి, 16.3 బిలియన్లుగా అంచనా వేసి ప్రత్యేక రుసుముగా బ్యాంకుల నుంచే వసూలు చేయాలని నిర్ణయించారు, అత్యధికం పెద్ద బ్యాంకుల నుంచి. పన్నుదారుడి మీద పైసా పడలేదని మంత్రి జానెట్ యెల్లెన్ చెప్పగలిగింది అందుకే. మార్చి 16న సెనేట్ విచారణలో ఒక్లహోమా సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫర్డ్ ఆమెను సూటిగా అడిగాడు: మా రాష్ట్రంలోని చిన్న బ్యాంకుల డిపాజిటుదారులకు కూడా, పరిమితి ఎంత దాటినా, ఇదే హామీ ఉంటుందా? ఆమె సమాధానపు సారాంశం, వ్యవస్థకే ముప్పని బీమా సంస్థ, ఫెడరల్ రిజర్వ్ బోర్డులు మూడింట రెండు వంతుల మెజారిటీతో తేల్చి, ఆర్థిక మంత్రి అధ్యక్షుణ్ణి సంప్రదించి నిర్ణయిస్తేనే ఉంటుందని. చిన్న ఊరి చిన్న బ్యాంకు మునిగితే వ్యవస్థకు ముప్పు ఎలాగూ రాదు.

2008 జులైలో ఇండీమాక్ బ్యాంకు పడిపోయినప్పుడు, పరిమితి దాటిన డిపాజిట్లున్న సుమారు పదివేల మందికి దాటిన మొత్తంలో సగమే వెంటనే ఇచ్చారు. అప్పటి పరిమితి లక్ష డాలర్లు. 2024 అక్టోబరు 18న ఒక్లహోమాలోని లిండ్సే అనే చిన్న పట్టణంలో ఫస్ట్ నేషనల్ బ్యాంకు మూతపడింది. అక్కడ పరిమితి దాటిన డిపాజిట్లు మొత్తం సుమారు 71 లక్షల డాలర్లు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్క నిమిషంలో వెళ్ళినంత కూడా కాదు. బీమా సంస్థ ఆ దాటిన మొత్తంలో సగం వెంటనే ఇస్తామంది. మిగతాది బ్యాంకు ఆస్తులు అమ్మగా వచ్చేదాన్నిబట్టి.

అంతకు ఏడాదిన్నర ముందు, 2023 మేలో, అదే బీమా సంస్థ మూడు మార్గాలు పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. పరిమితిని కొంత పెంచడం ఒకటి, పూర్తిగా ఎత్తేయడం ఒకటి, జీతాలూ బిల్లులూ చెల్లించే వ్యాపార ఖాతాలకు మాత్రం ఎక్కువ రక్షణ ఇవ్వడం మూడోది. మూడోదే మేలని సంస్థ అభిప్రాయపడింది. దానికి కాంగ్రెసు చట్టం కావాలి. లిండ్సే బ్యాంకు తలుపులు మూసుకునేనాటికి ఆ నివేదిక నివేదికగానే ఉంది.